వదులు పగ్గాలు

ఆ వేసవి చాలావరకూ నాతో పోట్లాడిన మనిషి మా అత్తగారొక్కతే. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఆవిడంటే నాకింత ఇష్టం ఉండటానికి అదొక కారణం.

మిగతావాళ్ళందరూ మెత్తగా మాట్లాడేవాళ్ళు. చర్చిలో, కిరాణా కొట్టులో, ధాన్యం గోదాము దగ్గర, ఎక్కడ కనపడినా నా పేరు పలికేటప్పుడే గొంతు తగ్గించేవాళ్ళు. మార్చిలో గుర్రాల్ని ఎక్కించి తీసుకెళ్ళే బండి వెనక తలుపు నా ఎడమచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. చూడ్డానికి చెయ్యి చేతిలాగే ఉంటుంది. దాంతో గ్లాసు పట్టుకోలేను, బొత్తాం పెట్టుకోలేను, పగ్గం పట్టుకోలేను. మొదటి రెండూ కుడిచేత్తో ఎలాగో నేర్చుకున్నాను. మూడోదాని గురించి డాక్టరుగారు నా మొహం చూడకుండా కిటికీతో మాట్లాడారు.

నేను కెంటకీ పిల్లని. మా వైపు స్వారీ అంటే ఇంగ్లీషు స్వారీయే. చిన్న జీను, రెండు చేతుల్లో రెండు పగ్గాలు, గుర్రం నోటికీ మన వేళ్ళకీ మధ్య తెగని కబుర్లు. వెర్లిన్‌ని కట్టుకుని ఓక్లహోమా ఎర్రమట్టిలోకి వచ్చాక కూడా ఆ జీను వదల్లేదు. వీళ్ళది వెస్టర్న్ స్వారీ. సోఫాలాంటి జీనులో కూర్చుని, పగ్గాలు వదులుగా వేలాడేసి, ఒంటిచేత్తో నడుపుతారు. అందులోనూ మా ఆయన తరఫువాళ్ళందరూ పడిచచ్చే పోటీ ఒకటుంది, వెస్టర్న్ ప్లెజర్ అని. గుర్రం తల దించుకుని, తొందరన్నది లేకుండా, చూసేవాళ్ళకి 'అబ్బ, దానిమీద నేనూ ఓసారి కూర్చుంటే ఎంత బాగుండు' అనిపించేలా నడవాలి. నేను దాన్ని నిద్రనడక పోటీ అనేదాన్ని. మా అత్తగారు ఒలీటా నా జీనుని తపాలా బిళ్ళ అనేది. అలా ఒకర్నొకరు ఎత్తిపొడుచుకుంటూ సుఖంగానే కాపురం చేసుకుంటున్న ఇల్లు మాది.

టాన్సీ నా ఆడగుర్రం. మా పొలం మట్టిది ఏ రంగో దానిదీ అదే రంగు. పిల్లగా ఉన్నప్పటినుంచీ నేనే పెంచాను, నేనే దిద్దాను. వేలు కదిపితే చాలు, నా మనసులో మాట దానికి తెలిసిపోయేది. గోధుమ కోతలు ముగిసేనాటికి అది పచ్చికలో ఊరికే నిలబడి ఉంది. నేను కంచె దగ్గరికి వెళితే పరుగెత్తుకొచ్చి ఆ పనికిరాని చేతిలోనే ముక్కు పెట్టేది. అది భరించడం నా వల్ల కాలేదు. అమ్మేద్దామని నేనే అన్నాను.

జూన్ చివర్లో టల్సా నుంచి ప్రూయిట్ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ కూతురు ఇంగ్లీషు స్వారీలో గుర్రాన్ని దూకిస్తుందట. టాన్సీ కాళ్ళు తడిమింది, పళ్ళు చూసింది, ముచ్చటపడింది.

"మీ బాధ నాకు తెలుసండీ," అంది ఆవిడ కూడా గొంతు తగ్గించి. "మీకెప్పుడు వీలైతే అప్పుడే తీసుకెళతాను."

"ఇవాళే తీసుకెళ్ళండి," అన్నాను.

"కౌంటీ ఫెయిర్ అయ్యాక," అన్నాడు వెనకనుంచి వెర్లిన్. వేసవి చివర్లో జరిగే మా జిల్లా తిరనాళ్ళ అది, గుర్రాల పోటీలన్నీ అక్కడే.

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫెయిర్ అయ్యాకే వస్తానని వెళ్ళిపోయింది. భోజనాల దగ్గర నిలదీశాను.

"ఫెయిర్ దాకా ఎందుకు?"

వెర్లిన్ బెండకాయ వేపుడు వడ్డించుకుంటూ, "ఈలోగా దాన్ని ఒంటిచేతికి మారుస్తా," అన్నాడు.

"దేనికి?"

"వెస్టర్న్ ప్లెజర్‌కి. నువ్వెక్కడానికి."

నేను నవ్వాను. ఆ నవ్వు బాగాలేదని నాకే తెలుస్తోంది. "నా గుర్రాన్ని నిద్రపుచ్చుతానంటావు."

"ఐదేళ్ళు దాటిన గుర్రాన్ని అందులో ఒంటిచేత్తోనే నడపాలి కొరీన్. రెండో చెయ్యి పగ్గానికి తగిలిందా, బయటికి పంపేస్తారు. రెండో చెయ్యి వాడితే తప్పయ్యే ఆట నాకు తెలిసి ఇదొక్కటే."

"ఆ పిల్లకి గుర్రాలెందుకురా," అంది అత్తగారు మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ. "వయొలిన్ కొనిపెట్టు."

"అమ్మా!"

"ఏంటి అమ్మా? పొద్దస్తమానం ఏడుపుమొహం వేసుకు తిరుగుతోంది. దానికి తగ్గ సంగీతం వాయించుకుంటుందని."

వెర్లిన్ బిక్కచచ్చిపోయాడు. నాకు మాత్రం మార్చి తర్వాత మొదటిసారి ఆకలేసింది.

వెర్లిన్ ఎండ ముదరకముందే మొదలుపెట్టేవాడు. నేను చూడనని ఒట్టుపెట్టుకుని, రోజూ వచ్చి కంచె మీద కూర్చునేదాన్ని. టాన్సీకి బుద్ధి తెలిసినప్పటినుంచీ తెలిసినదల్లా ఒకటే, పగ్గానికి అవతలి కొసన ఎప్పుడూ ఒక మనిషి ఉంటుందని. వెర్లిన్ ఆ కొసని వదిలేశాడు. మెడకింద పగ్గాలు వేలాడుతుంటే దానికి ఏం చెయ్యాలో తోచలేదు. తల ఎత్తి వెతికింది. తల దించి వెతికింది. ముక్కు ముందుకి చాపి, ఉన్నావా అని అడిగింది. జవాబు రాకపోయేసరికి పరుగందుకుంది. వెర్లిన్ కోప్పడలేదు. అది తొందరపడ్డప్పుడల్లా ఒక పగ్గం తీసుకుని చిన్న గుండ్రంలో తిప్పేవాడు. తనంతట తాను నెమ్మదించగానే మళ్ళీ వదిలేసేవాడు. మళ్ళీ పరుగు, మళ్ళీ గుండ్రం. ఆ ఎర్రదుమ్మంతా వచ్చి నా నోట్లో పడేది.

"పట్టుకో వెర్లిన్! భయపడుతోంది."

"భయం కాదు, అలవాటు. నేను పట్టుకుంటే నామీద ఆనుకుంటుంది."

"ఆనుకోనీ. నేనైతే పట్టుకునేదాన్ని."

గుర్రాన్ని ఆపి నా వైపు చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. "సరే కొరీన్," అన్నాడు.

మార్చి నుంచీ మా ఆయన నేనన్న ప్రతిదానికీ సరే అంటున్నాడు. అంతకుముందు కూరలో ఉప్పు దగ్గర్నుంచి దేశంలో ఎన్నికల దాకా దేనికీ సరే అనని మనిషి. ఆ సరే విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

జూలైలో ఒక పొద్దున పెకాన్ చెట్ల మీద పురుగులు రొదపెడుతున్నాయి. అత్తగారు నా పక్కన కుర్చీ వేసుకుని అలసందలు ఒలుస్తోంది. టాన్సీ చిన్న పరుగులో మా ముందునుంచి వెళుతూ ఒక్క పెద్ద నిట్టూర్పు విడిచింది. మెడ మెల్లగా కిందికి దిగింది. వీపు సర్దుకుంది. పగ్గాలు తాకకుండా, ఎవరినీ వెతక్కుండా, తన పాటికి తాను నెమ్మదిగా, మెత్తగా చుట్టంతా తిరిగివచ్చింది. వెర్లిన్ నడిపిస్తున్నట్టు కూడా లేదు. తన మానాన తను కూర్చున్నాడు, దాని మానాన అది నడుస్తోంది.

"అదీ!" అంది అత్తగారు. అలసందల గిన్నె ఒళ్ళోంచి జారిపోతున్నా పట్టించుకోలేదు. "నా మొదటి గుర్రం నడిచేది అలాగ. ఎంత బాగుందే కొరీన్!"

బాగుంది. నిజంగా బాగుంది. నిద్రనడక అని ఇన్నేళ్ళూ వెక్కిరించిన నడక నా గుర్రం నడుస్తుంటే కళ్ళప్పగించి చూశాను. నాకు సంతోషం కలగాలి. ఏడుపొచ్చింది. నేను లేకుండా నడవడం నేర్చుకుంది టాన్సీ.

ఆ నెలాఖరున వెర్లిన్ నన్ను ఎక్కమన్నాడు. ఆ సోఫా జీను, ఆ పొడుగాటి రికాబులు. కళ్ళెం కూడా మార్చాడు, పొడుగు కాడలది, ఒంటిచేత్తో తేలిగ్గా తాకితే చాలు. ఎక్కి కూర్చోగానే టాన్సీ వెచ్చదనం కాళ్ళకి తగిలి నా ప్రాణం లేచొచ్చింది. కొన్ని నెలల దిగులు ఆ ఒక్క నిమిషంలో దిగిపోయింది. నడక బ్రహ్మాండంగా నడిచింది. ఇక చిన్న పరుగుకి, చిన్నప్పటినుంచీ చేసినట్టే, రెండు పిక్కలూ దగ్గరికి నొక్కాను.

టాన్సీ ఆగిపోయింది.

ఇంకాస్త నొక్కాను. వీపు కొంచెం పైకెత్తి, ఇంకా బుద్ధిగా నిలబడింది. చెవులు వెనక్కి తిప్పి, సరిగ్గానే చేశానా అని అడిగింది.

కంచె దగ్గర అత్తగారు పకపకా నవ్వింది. వెర్లిన్ నవ్వలేదు. అతని మొహం చూస్తే నాకు అర్థమైపోయింది. వీళ్ళ పద్ధతిలో రెండు కాళ్ళూ నొక్కితే నెమ్మదించమని. మా పద్ధతిలో ముందుకి పొమ్మని. తనకి వచ్చిన పద్ధతే తను నేర్పాడు. నేనెలా కూర్చుంటానో, నా కాళ్ళు ఏం మాట్లాడతాయో తనకి గుర్తే రాలేదు. ఇన్నేళ్ళు ఒకే కొట్టంలో ఒకరి పక్కన ఒకరం జీన్లు కట్టుకున్నవాళ్ళం, ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"నా చెయ్యి పోయింది," అన్నాను. "కాళ్ళు మిగిలాయనుకున్నాను. అవీ లేకుండా చేశావు. నా మాట మర్చిపోయింది నా గుర్రం."

"కొరీన్, అది..."

"ఆవిడకి ఫోన్ చేస్తున్నా. రేపే వచ్చి తీసుకెళ్ళమంటా."

"సరే," అన్నాడు వెర్లిన్.

వద్దు అని ఒక్క మాట అంటాడేమోనని వంటింటి గుమ్మం దాకా చెవులు రిక్కించుకునే నడిచాను. అనలేదు. ఫోన్ చేశాను.

మర్నాడు పొద్దున వెర్లిన్ ఎండుగడ్డి కట్టలు కట్టడానికి నది పక్క చేలోకి వెళ్ళిపోయాడు. తన కళ్ళెదట గుర్రాన్ని అమ్మడం చూడలేక వెళ్ళాడని నాకు తెలుసు. ప్రూయిట్ గారు వచ్చేసరికి టాన్సీని సిద్ధంగా ఉంచుదామని కొట్టంలోకి వెళ్ళాను. ఒళ్ళంతా దువ్వాను. అది ఒంటిచేత్తో అయ్యే పనే. తర్వాత కళ్ళెం తీసుకుని దాని ఎదురుగా నిలబడ్డాక గానీ సంగతి తట్టలేదు.

కళ్ళెం తొడగడానికి రెండు చేతులు కావాలి. కుడిచెయ్యి తలమీది వారుని పైకి పట్టుకుంటే, ఎడమచెయ్యి ఇనుపముక్కని నోటిదాకా తెచ్చి, బొటనవేలుతో నోరు తెరిపించాలి. పైగా టాన్సీకి మొదటినుంచీ కళ్ళెం దగ్గర పేచీ. చూడగానే తల ఎత్తేసేది. నేను ముక్కాలిపీట ఎక్కి బతిమాలి తొడిగేదాన్ని. ఇప్పుడెలాగా అని నిలబడి ఉండగా టాన్సీ తల దించింది.

నా మోకాళ్ళ దాకా దించింది. ఇనుపముక్క కుడిచేతిలో ఊగుతుంటే తనే వెతుక్కుని, నోరు తెరిచి, మెత్తటి పెదాలతో అందుకుంది. చెవులు రెండూ ఒకటి తర్వాత ఒకటి తనే వారులోకి దూర్చింది. తర్వాత కదలకుండా నిలబడింది, కింద పట్టీ పెట్టుకునేదాకా.

వెర్లిన్ ఆరడుగులపైన మనిషి. ఇద్దరు మనుషులంత చేతులు. తల దించే గుర్రంతో అతనికేం పని?

"అలా బొమ్మలా నిలబడ్డావేంటే?" గుమ్మంలోంచి అత్తగారి గొంతు. "నువ్వు నిద్రలేవకముందే వాడు రోజూ చేసే భాగోతం అదే. ఎడమచెయ్యి జేబులో కుక్కుకుని, ఒంటిచేత్తో కళ్ళెం తొడుగుతాడు. అది తల ఎత్తడం, దించేదాకా వీడు కింద కూర్చోవడం. మొదట్లో చూసి నా కొడుక్కి పిచ్చెక్కిందనుకున్నా."

టాన్సీ నుదుటి మీద నా నుదురు ఆనించి నిలబడ్డాను. అత్తగారు కాసేపు చూసి, కాఫీ చల్లారిపోతోందని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ప్రూయిట్ గారు గుర్రాల బండితో సహా వచ్చింది.

"ఫెయిర్ అయ్యాక అనుకున్నాం కదండీ," అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "మీరే కదమ్మా ఫోన్ చేసి రమ్మన్నది?"

"చేశాను. అది నిన్న."

పాపం, మంచిది కాబట్టి సరిపోయింది. అత్తగారు ఆవిడకి ఐస్ టీ ఇచ్చి, పీచ్ పళ్ళు ఒక సంచీ నిండా కట్టి పంపింది. ఫెయిర్ నాడు నేరుగా అక్కడికే వస్తాననీ, ఆ రోజు ఏదో ఒకటి తేల్చి చెప్పమనీ వెళుతూ వెళుతూ నా భుజం తట్టింది.

సాయంత్రం వెర్లిన్ ఒంటినిండా గడ్డిపరకలతో వచ్చి, మేతకాడ టాన్సీని చూసి కొట్టం గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను అతని మొహం చూడకుండానే చెప్పాను.

"నా కాళ్ళు మారవు. ఈ వయసులో నావల్ల కాదు. దాన్ని మళ్ళీ మార్చు."

"మళ్ళీ మారిస్తే గందరగోళపడుతుంది. అటూ కాకుండా ఇటూ కాకుండా పోతుంది."

"నేనేగా దాన్నెక్కేది, అదెందుకు గందరగోళపడుతుంది?"

"నువ్వు దానిమీద నీ ఇష్టమొచ్చినట్టు గంతులేస్తే పడదూ? ఉడుములా మోకాళ్ళతో పట్టుకుని కూర్చుంటావు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా!"

అని చెప్పేసి, నోరు జారినట్టు టక్కున ఆగిపోయాడు. నేను అతనివైపు తిరిగాను. నా మొహంలో ఏం చూశాడో గానీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మళ్ళీ అను," అన్నాను. "ఉడుమా?"

"ఉడుమే," అన్నాడు వెర్లిన్, మెల్లగా ధైర్యం తెచ్చుకుని.

"గడ్డిమోపులా కూర్చునేవాడివి నువ్వా నాకు చెప్పేది?"

బయట కంచెకి ఆనుకుని వింటున్న అత్తగారు చేతులు దులుపుకుంది. "మీ తగువు తీరేలోపల గుర్రం ముసలిదవుతుంది గానీ, నా మాట వినండి. చెయ్యి పనికిరాదు. కాళ్ళు నొక్కితే ఆగిపోతుంది. ఇక మిగిలిందేంటి? నోరు. దేవుడు ఈ పిల్లకి నోటి విషయంలో ఏ లోటూ చెయ్యలేదు."

అలా తేలింది. కాళ్ళు వదులుగా వేలాడేసి, నాలుకతో టక్కుటక్కుమంటే చిన్న పరుగు. ముద్దుపెట్టినట్టు చప్పుడు చేస్తే దౌడు. హో అంటే ఆగడం. టాన్సీ వారంలో పట్టేసింది, అది నా గొంతు పుట్టినప్పటినుంచీ వింటున్నదే కదా. నాకే ఆలస్యమైంది. ఆ ఆగస్టంతా వెర్లిన్ ఎండలో నిలబడి అరిచేవాడు, నేను గుర్రంమీదనుంచి అరిచేదాన్ని. కాళ్ళు తియ్యి! తీశాను! ఆ చెయ్యి దించు! దించాను, నీ కళ్ళకేమైంది? దారినపోయే వాళ్ళు బండి ఆపి, అంతా క్షేమమేనా అని అడిగిపోయేవాళ్ళు. చెమట, గుర్రం వాసన, కోసిన గడ్డి వాసన, రాత్రి భోజనంలో మిగతా పోట్లాట. వెర్లిన్ లేని ఈ ఇంట్లో ఇప్పుడు ఎంతో ప్రశాంతంగా ఉంది. ఆ అరుపుల్లో ఒక్కదానికోసం ఈ ప్రశాంతతంతా ఇచ్చేస్తాను.

నాకు లొంగనిది ఒక్కటే మిగిలింది, నా కుడిచెయ్యి. అది వదిలిపెట్టడం నేర్చుకోలేదు. దౌడు అందుకోగానే నాకు తెలియకుండానే పైకి లేచి, పగ్గం బిగించి, గుర్రం నోటిని వెతుక్కునేది. బిగువు తగలగానే టాన్సీకి పాత రోజులు గుర్తొచ్చి ముందుకు దూకేది.

"పట్టుకోకపోతే పడిపోతావా?" అనేవాడు వెర్లిన్.

"పట్టుకోకపోతే అది వెళ్ళిపోతుందని," అన్నాను ఒకరోజు. అంతవరకూ నాకూ తెలియదు ఆ సంగతి. వెర్లిన్ ఆ రోజుకి ఇంకేం అరవలేదు.

ఫెయిర్ రోజు అత్తగారు తన పాత మెరుపుల చొక్కా నాకు తొడిగించింది. నెమలికంఠం రంగు, భుజాలనిండా తళుకులు. అద్దంలో చూసుకుంటే సర్కస్ కంపెనీ నుంచి పారిపోయినదానిలా ఉన్నాను. ఆవిడ మాత్రం నా కాలరు సర్దుతూ, "నాకంటే నీకే బాగుంది," అంది. ఆవిడ నాతో అన్న మంచిమాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అది వాటిలో ఒకటి.

ప్రూయిట్ గారు మాట తప్పలేదు. మైదానం గేటు పక్కనే బండి నిలిపి, తాడు చేతిలో పట్టుకుని నిలబడింది. నన్ను చూసి, మీరు తొందరపడకండి అన్నట్టు చెయ్యి ఊపింది. లోపల బాగా జరక్కపోతే ఆ తాడు టాన్సీ మెడలో పడుతుంది. వెర్లిన్ అడ్డుచెప్పడు, నేనే ఇచ్చేస్తాను. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు.

"కాళ్ళు," అన్నాడు వెర్లిన్ నా రికాబు సర్దుతూ.

"తెలుసు."

"చెయ్యి."

"తెలుసులే, పో."

మైదానంలోకి వెళ్ళాం. నాతోపాటు ఊళ్ళో వాళ్ళూ, పక్క కౌంటీల వాళ్ళూ, ఆడపిల్లలూ, ముసలివాళ్ళూ. అందరూ ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని, రెండో చెయ్యి తొడమీద ఊరికే పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. నడకలో టాన్సీ బంగారం. చిన్న పరుగులో ఇంకా బంగారం. జనంలో ఎవరో మెచ్చుకోవడం కూడా వినపడింది. అప్పుడు మైకులో దౌడు అన్నారు.

ముద్దు చప్పుడు చేశాను. టాన్సీ మెత్తగా అందుకుంది. అంతే, నా కుడిచెయ్యి లేచింది. పగ్గం బిగిసింది. టాన్సీ చెవులు నిక్కబొడుచుకుని, అమ్మయ్య, ఉన్నావా అన్నట్టు, కెంటకీ మైదానాల్లో గుర్రాలు దౌడుతీసినట్టు దౌడు తీసింది. ఒక గుర్రాన్ని దాటాం. ఇంకోదాన్ని దాటాం. ఆ నిద్రనడక వాళ్ళ మధ్యలోంచి మేమిద్దరం పట్టపగ్గాల్లేకుండా పోతున్నాం. ఎంత వేగం పెరిగితే నేనంత బిగించాను, ఎంత బిగిస్తే అదంత పెరిగింది.

"కొరీన్!" కంచె అవతలనుంచి అత్తగారి కేక మైకుని మించి వినపడింది. "ఎక్కడికే ఆ పోవడం? కెంటకీకా?"

జనం గొల్లుమన్నారు. తల కొట్టేసినట్టయింది. ఇక పోయేదేముంది అనిపించింది. ఆట అయిపోయింది, గేటు దగ్గర తాడు సిద్ధంగా ఉంది. ఇక చివరిసారి, దాని ఇష్టానికి దాన్ని వదిలేద్దామనుకున్నాను. చెయ్యి దించేశాను. పగ్గాలు జారి వదులుగా వేలాడాయి. పోతే పో తల్లీ అనుకున్నాను.

పోలేదు. ఒక్క నిట్టూర్పు విడిచింది. మెడ దిగింది, వీపు నా కింద గుండ్రంగా లేచింది, దౌడు మెత్తబడి మెత్తబడి ఊయలలా అయిపోయింది. నేనేమీ పట్టుకోలేదు. టాన్సీ నాతోనే ఉంది. పగ్గానికి ఈ కొసన ఎవరూ లేకపోయినా అది నాతోనే ఉంది. మిగతా చుట్టంతా కళ్ళలో నీళ్ళతోనే తిరిగాను. దుమ్మని సరిపెట్టుకున్నారు అందరూ.

గుర్రాలన్నిటినీ వరసలో నిలబెట్టారు. జడ్జీ టెక్సస్ నుంచి వచ్చిన ముసలాయన. మమ్మల్నెవరినీ ఎరగడు, మా ఊళ్ళో మార్చిలో ఏం జరిగిందో ఎరగడు. ఒక్కొక్క గుర్రాన్నీ వెనక్కి నడిపించమని చూసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. టాన్సీ పొందిగ్గా వెనక్కి నడిచింది. ఆయన టోపీ వెనక్కి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. గొంతు ఏమాత్రం తగ్గించలేదు. పక్కవాళ్ళంతా వినేలాగే అన్నాడు.

"ఏమ్మా, ఇంత మంచి గుర్రాన్ని ఎందుకలా పాడుచేస్తావు? స్వారీ అస్సలు బాగాలేదు. ఆ కుడిచేత్తో దాని నోరు పట్టుకుని వేలాడతావేంటి? నీ ఎడమచెయ్యి చూసుకో, ఎంత హాయిగా, ఎంత కుదురుగా ఉందో. కుడిచేతిని కూడా అలా ఉంచడం నేర్చుకో."

"అలాగేనండీ," అన్నాను.

మాకు ఏ బహుమతి రిబ్బనూ రాలేదు. అందరికంటే ఆఖర్న బయటికి వచ్చాం. గేటు దగ్గర వెర్లిన్ ఒకవైపు, ప్రూయిట్ గారు ఒకవైపు. నా బుగ్గలు తడిసి ఉండటం చూసి ఆవిడ దగ్గరికొచ్చి, తాడు వెనక దాచుకుని, ఎప్పటిలాగే మెత్తగా, "ఫరవాలేదమ్మా. ఇంతదాకా వచ్చారు, అదే గొప్ప. ఇక నేను తీసుకెళ్ళనా?" అంది.

"లేదండీ, క్షమించండి," అన్నాను నేను కళ్ళు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక. "జడ్జీగారు నాకు స్వారీ రాదన్నారు. నేర్చుకోవాలంటే గుర్రం ఉండాలి కదా."